ఏ మందు, ఏ దారిన: ట్రాన్స్ మహిళల హార్మోన్ చికిత్స, షుగర్, గుండె

హార్మోన్లు మొదలుపెట్టాలనుకునే ట్రాన్స్ మహిళకు చుట్టుపక్కలవాళ్లు ముందుగా ఇచ్చేది భయం. ఆ మాత్రలు మింగితే షుగర్ వస్తుందని, గుండె పాడవుతుందని, ఎక్కువ కాలం బతకరని చెబుతారు. ఇటు డాక్టర్లలోనూ చాలామంది ఇదే మాట ఇంకొంచెం మర్యాదగా చెప్పి పంపేస్తారు. ఈ భయంలో నిజం పాలెంత అని యూరప్‌లోనూ అమెరికాలోనూ దశాబ్దాలుగా పోగైన పరిశోధనల్ని వరుసగా చదివితే, ప్రశ్నే సరిగ్గా వేసుకోలేదని తెలుస్తుంది. 'హార్మోన్లు' అని గంపగుత్తగా అడిగితే దానికి జవాబు లేదు. ఏ ఈస్ట్రోజెన్, ఎంత మోతాదు, నోటి ద్వారానా చర్మం ద్వారానా, దానితోపాటు టెస్టోస్టిరాన్‌ను అణచడానికి ఏం వాడుతున్నారు, ఆ మనిషి పొగ తాగుతుందా, హెచ్‌ఐవీ మందులేమైనా వేసుకుంటోందా... ఇవన్నీ విడివిడిగా అడగాలి. అలా అడిగితే జవాబు చాలావరకు ఊరటనిచ్చేదే. భయపడాల్సింది ఒక పాత మందు గురించి. యూరప్ వైద్యులు ఎప్పుడో పక్కన పెట్టిన ఆ మందే మన ఊళ్లలో అన్నిటికంటే తేలిగ్గా దొరుకుతోంది.

చికిత్స స్వరూపం ముందు చూద్దాం. ఇందులో రెండు భాగాలుంటాయి: ఒంట్లో టెస్టోస్టిరాన్‌ను తగ్గించడం, ఈస్ట్రడయాల్‌ను అందించడం. అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2017లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం రక్తంలో ఈస్ట్రడయాల్ మిల్లీలీటరుకు 100 నుంచి 200 పీకోగ్రాముల మధ్య ఉండాలి, టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు 50 నానోగ్రాములకు దిగాలి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి పరీక్షలు చేయాలి. టెస్టోస్టిరాన్‌ను దించడానికి అమెరికాలో ఎక్కువగా స్పైరనోలాక్టోన్, యూరప్‌లో సైప్రోటిరాన్, ఖర్చు భరించగలిగినచోట మెదడు నుంచి వచ్చే ఆదేశాన్నే ఆపేసే ఇంజక్షన్లు వాడతారు. మన దేశంలో మొదటి రెండూ నడుస్తున్నాయి.

ఈ మార్పుకు శరీరం ఎలా స్పందిస్తుందన్నది బాగా తెలిసిన భాగం. ఘెంట్, ఆమ్‌స్టర్‌డామ్, ఓస్లో, ఫ్లోరెన్స్ నగరాల ఆసుపత్రులు కలిసి 'ఎనిజీ' పేరుతో ఒక ఉమ్మడి అధ్యయనం నడుపుతున్నాయి. అందులో 179 మంది ట్రాన్స్ మహిళల్ని ఏడాదిపాటు స్కాన్లతో గమనించి 2018లో ఫలితాలు ప్రచురించారు. కాళ్లలో కొవ్వు సగటున 42 శాతం, తుంటి ప్రాంతంలో 34 శాతం, పొట్ట ప్రాంతంలో 18 శాతం పెరిగింది. కండ తగ్గింది. ఈ అంకెల్ని చూసి 'కొవ్వు పెరిగింది కాబట్టి ప్రమాదం' అనడం తొందరపాటు. తుంటి, తొడల దగ్గర చేరే కొవ్వు గుండెకు, కాలేయానికి పెద్దగా హాని చేయదు. హాని చేసేది పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు. పెరుగుదలలో పెద్ద వాటా ముందు చెప్పిన చోటుకే వెళ్లింది. కండ తగ్గడాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. భోజనం తర్వాత రక్తంలోకి వచ్చే గ్లూకోజులో ఎక్కువ భాగాన్ని పీల్చుకునేది కండే. అది తగ్గితే ఇన్సులిన్ మీద భారం పెరుగుతుంది.

ఆ భారం కొలతల్లో కనిపించింది కూడా. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎల్బర్స్ బృందం 2003లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో ఏడాది చికిత్స తర్వాత ట్రాన్స్ మహిళల్లో ఇన్సులిన్ పనితనం తగ్గింది. ట్రైగ్లిసరైడ్లు పెరిగాయి, మంచి కొలెస్ట్రాల్ కూడా పెరిగింది. ఘెంట్‌లో గ్లూకోజు తాగించి చేసి, 2020లో ప్రచురించిన పరీక్షల్లోనూ ఇన్సులిన్ నిరోధకత పెరిగినట్టు తేలింది. టెస్టోస్టిరాన్ తీసుకుంటున్న ట్రాన్స్ పురుషుల్లో దీనికి వ్యతిరేకంగా జరిగింది.

చిక్కు ఎక్కడంటే, ఈస్ట్రోజెన్ సహజంగా షుగర్‌కు శత్రువు. 1994లో అమెరికాలో ఈస్ట్రోజెన్‌ను గుర్తించే గ్రాహకమే పుట్టుకతో పనిచేయని ఒక 28 ఏళ్ల పురుషుడి గురించి వైద్యులు రాశారు. ఎముకల ఎదుగుదల ఆగక అతను 204 సెంటీమీటర్ల ఎత్తు పెరిగాడు. గ్లూకోజు పరీక్షలో తేడా వచ్చింది, ఇన్సులిన్ ఎక్కువగా ఊరుతోంది. మగవాడి ఒంట్లోనూ చక్కెర అదుపులో ఉండాలంటే ఈస్ట్రోజెన్ ఎంతో కొంత పనిచేయాలని ఆ ఒక్క కేసు చూపించింది. నెలసరి ఆగిన మహిళలపై అమెరికాలో జరిగిన 'విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్' పరిశోధనలోనూ ఈస్ట్రోజెన్-ప్రొజెస్టిన్ వాడినవారిలో కొత్తగా మధుమేహం రావడం 21 శాతం తక్కువగా ఉంది. ఇలాంటి హార్మోను ట్రాన్స్ మహిళల్లో ఇన్సులిన్‌ను ఎందుకు మొండి చేస్తుంది?

నాకు నచ్చిన వివరణ టెస్టోస్టిరాన్ వైపు నుంచి వస్తుంది. ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్న పురుషులకు టెస్టోస్టిరాన్‌ను పూర్తిగా అణిచే ఇంజక్షన్లు ఇస్తారు. ఈస్ట్రోజెన్ ఇవ్వరు. ఆ ఇంజక్షన్లు తీసుకున్నవారిలో మధుమేహం ముప్పు 44 శాతం ఎక్కువని 2006లో కీటింగ్, ఆమె సహచరులు వేలాదిమంది వృద్ధుల రికార్డుల నుంచి తేల్చారు. టెస్టోస్టిరాన్ పోతే కండ పోతుంది, పొట్ట వస్తుంది. కాబట్టి ట్రాన్స్ మహిళ ఒంట్లో ఒకేసారి రెండు ఎదురుబొదురు పనులు జరుగుతున్నాయి: టెస్టోస్టిరాన్ లేకపోవడం వల్ల వచ్చే నష్టం ఒకటి, ఈస్ట్రడయాల్ ఇచ్చే రక్షణ ఒకటి. ఏది ఎంత అన్నది మోతాదుమీదా, మందుమీదా ఆధారపడుతుంది. ఈస్ట్రోజెన్ చాలకుండా టెస్టోస్టిరాన్‌ను మాత్రమే అణిస్తే నష్టం ఒక్కటే మిగులుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, తెలుగునాట దీనితో చాలా పని ఉంది.

మరి ఇన్సులిన్ నిరోధకత చివరికి షుగర్ జబ్బుగా మారుతోందా? ఇక్కడ పెద్ద అధ్యయనాలు దాదాపు ఒకే మాట చెబుతున్నాయి. నెదర్లాండ్స్‌లో రెండున్నర వేలకు పైగా ట్రాన్స్ మహిళల్ని దేశ జనాభాతో పోల్చి 2022లో ప్రచురించిన లెక్కలో టైప్ 2 మధుమేహం అదనంగా ఏమీ కనబడలేదు. అదే ఏడాది అమెరికాలో కైజర్ పర్మనెంటే ఆసుపత్రుల రికార్డుల ఆధారంగా నడుస్తున్న 'స్ట్రాంగ్' అధ్యయనం నుంచి మధుమేహం లెక్కలు వచ్చాయి. ఇతర మహిళలతో పోలిస్తే ట్రాన్స్ మహిళల్లో మధుమేహం కాస్త ఎక్కువగా, పురుషులతో పోలిస్తే సమానంగా ఉంది. ఆ తేడాను హార్మోన్లకు అంటగట్టడానికి ఆధారం దొరకలేదు. ఊరటే, కానీ పూచీ కాదు. ఈ గుంపుల్లో ఎక్కువమంది పడుచువాళ్లు, పైగా క్రమం తప్పకుండా డాక్టరుకు చూపించుకునేవాళ్లు.

కొలెస్ట్రాల్ సంగతి రెండు మాటల్లో సరిపెట్టవచ్చు. నోటి ద్వారా తీసుకునే ఈస్ట్రోజెన్ మంచి కొలెస్ట్రాల్‌నూ ట్రైగ్లిసరైడ్లనూ రెంటినీ పెంచుతుంది. సైప్రోటిరాన్ తోడైతే మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది.

గుండె, రక్తనాళాల కథ అంత చిన్నది కాదు. మగవాళ్లకు ఈస్ట్రోజెన్ ఇస్తే గుండెపోటు తగ్గుతుందని ఒకప్పుడు గట్టి నమ్మకం ఉండేది, ఆడవాళ్లకు గుండెపోట్లు తక్కువ కాబట్టి. అమెరికాలో 1966లో మొదలైన 'కరోనరీ డ్రగ్ ప్రాజెక్ట్'లో ఒకసారి గుండెపోటు వచ్చిన పురుషులకు రోజూ ఈస్ట్రోజెన్ ఇచ్చి చూశారు. 5 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారిలో మళ్లీ గుండెపోట్లు, రక్తపు గడ్డలు పెరగడంతో 1970లో ఆ విభాగాన్ని మధ్యలోనే ఆపేశారు. సగం మోతాదు విభాగాన్నీ 1973లో ఆపేశారు. ఈస్ట్రోజెన్ మగ గుండెకు విషమన్న అభిప్రాయం అక్కడ నాటుకుంది. అప్పుడు ఇచ్చింది గుర్రాల మూత్రం నుంచి తీసిన మిశ్రమం, అదీ నోటి ద్వారా, అదీ అప్పటికే గుండె దెబ్బతిన్నవాళ్లకు. ఈ మూడు షరతుల్నీ మరిచిపోయి నిర్ణయం ఒక్కటే మిగుల్చుకున్నాం.

ఆమ్‌స్టర్‌డామ్‌లో లూయిస్ గూరెన్ ఆధ్వర్యంలో నడిచిన చికిత్సాకేంద్రం రికార్డులు 1972 నుంచి ఉన్నాయి. ఈ రంగంలో ఇంత పొడవైన రికార్డు మరొకటి లేదంటే అతిశయోక్తి కాదు. అక్కడ తొలి దశాబ్దాల్లో ఇచ్చిన మందు ఎథినైల్ ఈస్ట్రడయాల్, రోజుకు 100 మైక్రోగ్రాములు. గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఈస్ట్రోజెన్ ఇదే. సహజ ఈస్ట్రడయాల్‌ను కాలేయం వచ్చింది వచ్చినట్టు విరగ్గొట్టేస్తుంది. దాన్ని తట్టుకునేలా అణువు నిర్మాణంలో చిన్న మార్పు చేసి తయారుచేసిన మందు ఇది. కాలేయం విరగ్గొట్టలేదు కాబట్టి కాలేయంలోనే తిరుగుతూ రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లను ఎక్కువగా చేయిస్తుంది. ఫలితం 1997 నాటి లెక్కల్లో కనిపించింది: 816 మంది ట్రాన్స్ మహిళల్లో సిరల్లో గడ్డలు మామూలు కంటే 20 రెట్లు. నలభై దాటినవారికి చర్మంమీద అంటించే పట్టీలు ఇవ్వడం మొదలుపెట్టాక ఆ ముప్పు తగ్గింది. ఎథినైల్ ఈస్ట్రడయాల్ గడ్డకట్టే వ్యవస్థను ఎంత బలంగా మారుస్తుందో, సహజ ఈస్ట్రడయాల్ ఎంత తక్కువగా మారుస్తుందో 2003లో అదే బృందం ప్రయోగశాలలో పక్కపక్కన పెట్టి చూపించింది. 2011లో ఆస్‌కెమన్ బృందం 966 మంది ట్రాన్స్ మహిళల్ని సగటున 18 ఏళ్లకు పైగా గమనించిన లెక్క ఇచ్చింది. ఎథినైల్ ఈస్ట్రడయాల్ వాడుతూ ఉన్నవారిలో గుండె జబ్బుతో మరణించే ముప్పు మూడు రెట్లు.

ఇప్పుడు వాడే సహజ ఈస్ట్రడయాల్‌తో ముప్పు లేదా అంటే, ఉంది, కాని ఆ స్థాయిలో కాదు. పైన చెప్పిన 'స్ట్రాంగ్' అధ్యయనం 2018లో ఇచ్చిన లెక్క ప్రకారం ఎనిమిదేళ్లలో ప్రతి వెయ్యిమంది ట్రాన్స్ మహిళల్లో, పురుషులకంటే సుమారు 17 మందికి అదనంగా సిరల్లో గడ్డలు వచ్చాయి. నెదర్లాండ్స్‌లో 2019లో ప్రచురించిన లెక్కలో మెదడు పోటు పురుషులకంటే 1.8 రెట్లు. గుండెపోటు మహిళలకంటే ఎక్కువ, పురుషులతో దాదాపు సమానం. ఆ తర్వాత 2021లో డి బ్లాక్ బృందం 'లాన్సెట్' పత్రికల్లో ఒకదానిలో ఐదు దశాబ్దాల మరణాల లెక్క వేసింది. ట్రాన్స్ మహిళల్లో మరణాలు సాధారణ పురుషులకంటే 1.8 రెట్లు ఉన్నాయి. అన్నిటికంటే కలవరపెట్టేది, యాభై ఏళ్లలో ఆ తేడా తగ్గకపోవడం. మందులు మారాయి, మోతాదులు తగ్గాయి, తేడా అలాగే ఉంది. కారణాల్లో గుండె జబ్బు, ఊపిరితిత్తుల క్యాన్సర్, హెచ్‌ఐవీ, ఆత్మహత్య ముందున్నాయి. ఇందులో హార్మోన్ల వాటా ఎంతో చెప్పడం కష్టమనీ, పొగ తాగడం, సమాజం దూరంగా పెట్టడం లాంటివి ముఖ్యమనీ పరిశోధకులే అన్నారు. ప్రపంచంలోనే మంచి వైద్యం అందే దేశంలో పరిస్థితి ఇది.

ఇక మనవైపు. మాల-డి గర్భనిరోధక మాత్రలో 30 మైక్రోగ్రాముల ఎథినైల్ ఈస్ట్రడయాల్, 150 మైక్రోగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ ఉంటాయి. చీటీ అడగకుండా ఏ మందుల షాపులోనైనా ఇస్తారు. త్వరగా ఫలితం కావాలని రోజుకు మూడు, నాలుగు మింగితే చాలు, ఆమ్‌స్టర్‌డామ్ వదిలేసిన 100 మైక్రోగ్రాముల మోతాదును అందుకున్నట్టే. మొటిమలకు, పీసీఓఎస్‌కు రాసే సైప్రోటిరాన్ కలిసిన మాత్రల్లో ఉండే ఈస్ట్రోజెన్ కూడా ఎథినైల్ ఈస్ట్రడయాలే. హిజ్రా సముదాయంలో గురువు దగ్గర చేరిన కొత్త చేలాకు (శిష్యురాలికి) ముందుగా చేరిన అక్కలు ఏ షీటు కొనాలో, ఎన్ని వేసుకోవాలో చెబుతారు. వాళ్లకు తెలిసింది వాళ్లు చెబుతున్నారు, డాక్టరు దగ్గరికి వెళ్తే గది బయట జనం ఎలా చూస్తారో కూడా వాళ్లకు తెలుసు. అందుకే ఈ తప్పును వాళ్లమీదే వేసి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఈ మాత్రలకు సిగరెట్టు కూడా తోడైతే గుండెపోటు, మెదడు పోటు ముప్పు ఇంకా పెరుగుతుంది. మాల-డి షీటు చివర్లో ఉండే గోధుమరంగు మాత్రలు ఇనుము మాత్రలు మాత్రమేనన్నది కూడా చాలామందికి చెప్పేవాళ్లు లేరు.

రెండో సంగతి నిర్వాణం, అంటే పురుష జననాంగాలను తొలగించే హిజ్రాల ఆచారం. హైదరాబాద్ హిజ్రాల జీవితంపై మానవశాస్త్రవేత్త గాయత్రి రెడ్డి 2005లో ప్రచురించిన పుస్తకంలో ఈ ఆచారానికి వాళ్ల సమాజంలో ఉన్న గౌరవం వివరంగా ఉంది. వైద్యం చూసేది మరో కోణం. వృషణాలు తీసేశాక ఈస్ట్రోజెన్ తీసుకోకపోతే ఒంట్లో రెండు హార్మోన్లూ ఉండవు. ప్రొస్టేట్ క్యాన్సర్ రోగుల గురించి పైన చెప్పుకున్నది అక్షరాలా ఇదే స్థితి. పొట్ట కొవ్వు పెరుగుతుంది, కండ కరుగుతుంది, ఎముకలు పలచబడతాయి. ఇరవైల్లో నిర్వాణం అయి, ఇప్పుడు యాభైలు దాటిన పెద్దలు మన పట్టణాల్లో ఉన్నారు. వాళ్లలో కొందరికి హార్మోన్ల వల్ల షుగర్ రాదు, హార్మోన్లు లేకపోవడం వల్ల వస్తుంది.

దీనికి మన శరీర స్వభావం తోడు. పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్ పరిశోధనలు చూపించినట్టు భారతీయులు సన్నగా కనబడుతూనే ఎక్కువ కొవ్వును, ముఖ్యంగా పొట్టలో, మోస్తారు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది అంచున ఉన్నారు. డచ్ మహిళ తట్టుకున్న చిన్న ఇన్సులిన్ నిరోధకతను తెలుగు మహిళ తట్టుకుంటుందని ముందే అనుకోలేం. పైగా కొలత దగ్గరే చిక్కు: భారతీయ పురుషులకు నడుము 90 సెంటీమీటర్లు, మహిళలకు 80 దాటితే ప్రమాదం అంటారు. ట్రాన్స్ మహిళకు ఏ గీత? ఎముకల చట్రం ఒకలా ఉంది, కొవ్వు సర్దుకునే తీరు మరోలా మారింది. నా అభిప్రాయంలో ఒక గీతకు కట్టుబడడం కంటే, చికిత్సకు ముందు కొలిచి ఆ మనిషి నడుము ఆ తర్వాత ఎంత మారిందో చూడడమే ఉపయోగం. గుండె ముప్పు లెక్కగట్టే సూత్రాలదీ ఇదే తంటా. అవి స్త్రీ, పురుషుడు అని రెండే గళ్లు ఇస్తాయి. రెండూ నింపి చూసుకుని పెద్ద అంకెను లెక్కలోకి తీసుకోవడం క్షేమం.

హెచ్‌ఐవీ గురించి మాట్లాడకుండా ఈ సమీక్ష పూర్తికాదు. మన దేశంలో సాధారణ జనంతో పోలిస్తే హిజ్రా, ట్రాన్స్‌జెండర్ సముదాయంలో హెచ్‌ఐవీ ఎన్నో రెట్లు ఎక్కువ. ఇప్పుడు ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఇచ్చే మాత్రలో డోల్యుటెగ్రవిర్ ఉంది. వైరస్‌ను బాగా అణుస్తుంది, బరువు కూడా పెంచుతుంది. ఈస్ట్రడయాల్‌తో దానికి పేచీ లేదు. పాత మాత్రలో ఉన్న ఎఫావిరెంజ్ ఈస్ట్రడయాల్ స్థాయిని తగ్గించేది కాబట్టి ఆ మేరకు ఇది మేలు. కాని షుగర్ మందు మెట్‌ఫార్మిన్‌ను డోల్యుటెగ్రవిర్ రక్తంలో ఎక్కువగా నిలుపుతుంది. అందుకే రెండూ వాడేవారికి మెట్‌ఫార్మిన్ రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటించకూడదంటారు. హార్మోన్ల మార్పు, మన శరీర స్వభావం, హెచ్‌ఐవీ మందుతో పెరిగే బరువు... ఇన్సులిన్ నిరోధకత పెంచే ఈ మూడు కారణాలు ఒకే మనిషి దగ్గర చేరినప్పుడు, వాటిని ఒకే డాక్టరు చూడాలి. సాధారణంగా ఒకరు హెచ్‌ఐవీ చూస్తారు, ఇంకొకరు షుగర్ చూస్తారు, హార్మోన్లు ఎవరూ చూడరు.

ఈ ముక్కల్ని కలిపే ప్రయత్నం హైదరాబాద్‌లోనే ముందుగా జరిగింది. నారాయణగూడలో 2021 జనవరిలో మొదలైన మిత్ర్ క్లినిక్ దేశంలో ట్రాన్స్‌జెండర్ సముదాయం కోసం పెట్టిన తొలి సమగ్ర క్లినిక్. హెచ్‌ఐవీ పరీక్షతోపాటు హార్మోన్ సలహా, మానసిక వైద్యం ఒకేచోట దొరికేవి, సిబ్బందిలో సముదాయంవాళ్లే ఉండేవారు. 2025 ఆరంభంలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయం ఆపేయడంతో అది మూతపడింది. తెలంగాణ ప్రభుత్వం 2024 డిసెంబరులో జిల్లాకొకటి చొప్పున 33 మైత్రి క్లినిక్‌లు ప్రారంభించింది. ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్ మహిళలు వైద్యాధికారులుగా 2022 చివర్లో చేరడం మరో ముందడుగు. కేంద్రం ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ పేరుతో హార్మోన్ చికిత్సకు, శస్త్రచికిత్సకు ఏడాదికి 5 లక్షల రూపాయల బీమా ప్రకటించింది. దానికి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల జాతీయ పోర్టల్ ద్వారా ఇచ్చే ధ్రువపత్రం కావాలి. బీమాలతో ఆపరేషన్లకు దారి దొరుకుతుంది. నెలనెలా కొనుక్కోవాల్సిన ఈస్ట్రడయాల్ జెల్‌కు, ఏడాదికి నాలుగుసార్లు చేయించాల్సిన రక్తపరీక్షలకు దొరకడమే కష్టం.

మరి ఏం చేయాలి అంటే పెద్ద జాబితా అక్కర్లేదు. ఎథినైల్ ఈస్ట్రడయాల్ వద్దు. సహజ ఈస్ట్రడయాల్ మాత్ర మన దగ్గరా దొరుకుతుంది. నలభై దాటినా, పొగ తాగినా, బరువు ఎక్కువున్నా, ఇంతకుముందు గడ్డ కట్టినా చర్మం ద్వారా ఇచ్చే జెల్ మేలు. సైప్రోటిరాన్ వాడితే రోజుకు 10 మిల్లీగ్రాములు సరిపోతాయని ఆమ్‌స్టర్‌డామ్ బృందమే 2021లో చూపించింది. మోతాదు పెరిగేకొద్దీ మెదడు పొరల్లో కణితుల ముప్పు పెరుగుతుందని యూరప్ ఔషధ సంస్థ 2020లోనే హెచ్చరించింది. స్పైరనోలాక్టోన్ వాడితే పొటాషియం చూడాలి. పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్, బీపీ, నడుము చికిత్సకు ముందొకసారి, తర్వాత ఏటా. బరువులెత్తే వ్యాయామం ఇక్కడ ప్రత్యేకంగా పనికొస్తుంది, పోతున్న కండను ఆపేది అదే. భుజాలు వెడల్పవుతాయన్న భయంతో చాలామంది దానికి దూరంగా ఉంటారు. టెస్టోస్టిరాన్ 50కి దిగాక ఆ భయానికి పెద్దగా ఆధారం లేదు.

షుగర్ వచ్చాక ఏం చేయాలన్నదానిమీదే నాకు ఎక్కువ పట్టింపు. హార్మోన్లు ఆపేస్తే షుగర్ తగ్గుతుందని చెప్పే డాక్టర్లున్నారు. అలా ఆపకుండా, మధుమేహం ఉన్న ఏ మహిళకైనా ఇచ్చే మెట్‌ఫార్మిన్, ఆహార నియమాలే ట్రాన్స్ మహిళకూ ఇవ్వాలి. మాత్రను జెల్‌కు మార్చాలి, మోతాదు సరిచూడాలి. నిర్వాణం అయినవారికి ఈస్ట్రడయాల్ ఆపడమంటే రెండు హార్మోన్లూ లేని స్థితిలోకి మళ్లీ నెట్టడమే, దాంతో షుగర్ ఇంకా ముదురుతుంది. ఆపమన్న డాక్టరు దగ్గరికి ఆమె మళ్లీ రాకపోవచ్చు, కాని మాత్రలు మానదు. ఏవి వాడుతోందో తెలుసుకునే అవకాశం మాత్రం డాక్టరుకు పోతుంది.